ఐసు ముక్కలో తెల్లమచ్చ

మొన్న ఆదివారం మా రూమ్మేట్ నిమ్మరసం కలుపుతూ ఐసు ముక్కని వెలుతురుకి పెట్టి చూసి, "ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా, ఈ మధ్యలో తెల్లగా ఏంట్రా? ఫిల్టర్ నీళ్లే కదా పోశాం" అన్నాడు. ఆరేళ్లుగా జావా రాసుకుంటున్నవాడిని మెకానికల్ అని గుర్తుచేస్తే కొంచెం సంతోషం, కొంచెం గుబులు. జవాబు తెలుసు కాబట్టి సంతోషం. గుబులు ఎందుకో తర్వాత చెప్తా.

అది మురికి కాదండీ, గాలి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 29 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉండగలదు. ఐసులో దానికి చోటు లేనట్టే. నీటి అణువులు వరసలు కట్టి సర్దుకునేటప్పుడు గాలిని బయటికి తోసేస్తాయి. ట్రేలో నీళ్లు అన్ని వైపుల నుంచీ గడ్డకట్టుకుంటూ లోపలికి వస్తాయి కాబట్టి ఆ గాలంతా మధ్యలో మిగిలిన నీళ్లలో పోగవుతుంది, ఒక హద్దు దాటాక బుడగలుగా విడిపోతుంది. అప్పటికే చుట్టూ గోడలు, పారిపోవడానికి దారి ఉండదు. నీళ్లు మరిగించి పోస్తే పోతుందంటారు. నేనూ చేసి చూశా, కొంచెం తగ్గింది అంతే.

చేపల మార్కెట్లో ఐసు దిమ్మ నడుమ నిలువునా తెల్లగా కనిపించేది కూడా ఇదే. ఫ్యాక్టరీలో నీళ్లు నింపిన డబ్బాల్ని చల్లటి ఉప్పునీటి తొట్టెలో దించుతారు. అద్దంలాంటి దిమ్మ కావాలంటే గొట్టం పెట్టి డబ్బాలోకి గాలి ఊదుతూ ఉంటారు. గాలిని వదిలించుకోవడానికి గాలే ఊదడం! నీళ్లు కదులుతుంటే అంచుకి అంటుకోబోయిన బుడగలు కొట్టుకుపోతాయి.

ఇక్కడిదాకా విని మావాడు ఫోన్లో పడ్డాడు. అసలు సంగతి ఇక్కడే మొదలు.

ఆ గడ్డకట్టే అంచు గాలినే కాదు, గట్టి రేణువుల్ని కూడా ముందుకు నెడుతుంది. రేణువుకీ గడ్డకీ మధ్య పల్చటి ద్రవం పొర ఉంటుంది. అంచు నెమ్మదిగా వస్తే ఆ సందులోకి కొత్త ద్రవం జొరబడే టైం ఉంటుంది, రేణువు ముందుకు జరుగుతూ పోతుంది. అంచు వేగం పెరిగితే సందులోకి ద్రవం అందదు, అంచు రేణువుని చుట్టేసి మింగేస్తుంది. నెట్టడం ఆగి మింగడం మొదలయ్యే వేగం ఒకటి ఉంటుందనీ, రేణువు పెద్దదైతే ఆ వేగం తగ్గుతుందనీ ఉల్మన్, చామర్స్, జాక్సన్ అనే ముగ్గురు 1964లోనే లెక్కలతో సహా రాశారు.

ఇప్పుడు గుబులు సంగతి. ఫైనలియర్లో మా బ్యాచ్ ప్రాజెక్టు, కరిగించిన అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి పోత పోయడం. మెకానికల్ వాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు, ప్రతి కాలేజీలో ఏటా ఒక బ్యాచ్ అయినా ఇదే చేస్తుందనుకుంటా. పొడి వేడిచేసి, లోహంలో వేసి, స్టిరర్‌తో పది నిమిషాలు తిప్పి ఇసుక అచ్చులో పోశాం. చల్లారాక కోసి, అద్దంలా పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెడితే గుండె జారిపోయింది. పొడి అంతా అక్కడక్కడ గుంపులు, మధ్యలో ఖాళీ మైదానాలు. ఉప్మాలో జీడిపప్పంతా ఒకడి ప్లేట్లోనే పడ్డట్టు.

సరిగ్గా తిప్పలేదనుకున్నాం. మళ్లీ పోయడానికి టైం లేదు, డబ్బుల్లేవు. మా పార్ట్‌నర్ గంటసేపు ముక్కని అటూ ఇటూ జరిపి, రేణువులు సమంగా కనిపించే చోటు ఒకటి పట్టుకున్నాడు. ఆ ఫోటోనే రిపోర్టులో పెట్టాం. దాని కింద "రేణువులు ఏకరీతిగా విస్తరించి ఉన్నాయి" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం రాసింది నేనే. వైవాలో దాని గురించి ఎవరూ అడగలేదు. మార్కులు బాగానే వచ్చాయి.

పోయినేడాది బెంచి మీద ఉన్నప్పుడు ఏదో చదువుతుంటే తెలిసింది. అల్యూమినియం చెట్టుకొమ్మల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఆ కొమ్మలు పెరుగుతూ పొడిని నెట్టుకెళ్లి, చివర్లో గడ్డకట్టే సందుల్లో పోగేస్తాయి. తిప్పడంలో మా తప్పూ కొంత ఉండొచ్చు. కానీ ఇసుక అచ్చులో లోహం తాపీగా చల్లారుతుంది, నెట్టడానికి అంతకంటే అనువు ఏముంది? అదే ఇనప అచ్చులో సన్నటి ముక్క పోసుంటే త్వరగా గట్టిపడేది, కొమ్మల మధ్య సందులు చిన్నవయ్యేవి, పొడి ఇంకాస్త సమంగా సర్దుకునేది. రెండూ పోసి పక్కపక్కన పెట్టుంటే అదే మంచి ప్రాజెక్టు. ఒక తప్పుడు ఫోటో పెట్టామన్న బాధ కన్నా, జవాబు కళ్లముందు ఉంటే దాన్ని మరక అనుకుని దాచేశామన్న బాధే నాకు ఎక్కువ. పదిసార్లు రన్ చేసి, గ్రీన్ వచ్చిన ఒక్కసారి స్క్రీన్‌షాట్ తీసి మెయిల్లో పెట్టడం మనలో ఎంతమందికి అలవాటో చెప్పనక్కర్లేదు. నేనూ చేశాను, ఈ మధ్యే.

ఆ రాత్రి మూత లేని థర్మోకోల్ డబ్బాలో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టా. చలి పైనుంచే తగులుతుంది కాబట్టి అంచు కిందికే దిగుతుంది, గాలిని కిందికే నెడుతుంది. మర్నాడు మొత్తం గడ్డకట్టకముందే తీసి చూస్తే పైన నాలుగు వేళ్ల మందాన అద్దమే, కింద పెట్టిన పేపర్లో అక్షరాలు చదవొచ్చు. ఫోటో తీసి మా ప్రాజెక్టు పార్ట్‌నర్‌కి పంపి, సంగతంతా రాశాను.

చాలాసేపటికి రిప్లై వచ్చింది. "మనం పక్కన పడేసిన ఫోటోలు నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

పాత హార్డ్‌డిస్క్ అంతా వెతికా. రిపోర్టులో పెట్టిన ఆ ఒక్కటే ఉంది.