వెనక్కి చూసి విసరాలి

సంక్రాంతికి పర్చూరు వచ్చి, ఇంటి నుంచే పని అని రెండు వారాలు ఉండిపోయాను. వస్తూ వస్తూ ఆన్‌లైన్లో కొన్న ఫ్లై రాడ్డు కూడా తెచ్చుకున్నాను. తొమ్మిదడుగుల కార్బన్ కర్ర. వీడియోల్లో చూస్తే ఎంత తేలికో!

మా బాబాయ్ చిన్నప్పటి నుంచీ వెదురు గాలంతో చేపలు పట్టినవాడు. కొమ్మమూరు కాలువ గట్టుకి బండి మీద తీసుకెళ్ళాడు. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా పారే ఈ కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవి. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని నడుస్తూ పడవల్ని లాగేవాళ్ళట. ఇప్పుడదే గట్టు మీద ట్రాక్టర్లు, బైకులు, గేదెలు.

మామూలు గాలానికి ఎర బరువో సీసం బరువో దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువుండదు. అది ఈకలు చుట్టిన చిన్న కొక్కెం, అంతే. బరువంతా లావుపాటి దారానిది. అందుకే ముందు వెనక్కి విసరాలి. దారం వెనక బారుగా సాగేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకి కొట్టాలి.

నేను నీళ్ళకేసి చూస్తూ వెనక్కి విసిరాను. టక్ మని చప్పుడు. తిరిగి చూస్తే బాబాయ్ నల్లద్దాల మీద గీత. శుక్లం ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. ఆ అద్దాలే లేకపోతే?

నా చేతులు వణికాయి. ఆయన తిట్టలేదు. అద్దాలు తుడుచుకుని, "నీళ్ళు ముందుంటయ్ రా, మనుషులు వెనకుంటారు. ముందు వెనక్కి చూడటం నేర్చుకో" అన్నాడు.

మర్నాడు కొక్కెం తీసేసి, దారం కొసన మన పత్తి పింజె ఒకటి కట్టుకున్నాను. మూడు రోజులు దాంతోనే సాధన. విసిరే ముందు వెనక్కి చూడటం, ఎవరైనా వస్తుంటే ఆగిపోవడం. కళ్ళజోడు, టోపీ లేకుండా గట్టెక్కడం లేదు. గట్టు దాటే కరెంటు తీగల దగ్గర రాడ్డు ఎత్తడం అసలే లేదు, కార్బన్‌లో కరెంటు పారుతుంది. వెనక చోటు లేనిచోట రోల్ కాస్ట్: దారాన్ని వెనక్కి విసరకుండా నీళ్ళ మీదే చుట్టలా దొర్లించి ముందుకి పంపడం. చివర్లో కొక్కెం కట్టినా, దాని ముల్లుని పటకారుతో నొక్కేశాను. ఒంట్లో గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.

ఆఫీసులో కోడ్ పంపే ముందు పదిసార్లు పరీక్షిస్తాం. అక్కడ తప్పు జరిగితే వెనక్కి తీసుకోవచ్చు. విసిరిన కొక్కేన్ని తీసుకోలేం.

కొర్రమీను ఇంతవరకూ పడలేదు. నిన్న సాయంత్రం మాత్రం నేను తల తిప్పేలోపే వెనక నుంచి బాబాయ్ గొంతు, "ఎవరూ రావట్లేదులే, కానీయ్" అని. అయినా ఓసారి చూసుకునే విసిరాను.