పాతిక గంటల రాత్రి

చందానగర్‌లో ఇంటికి తాళం వేసేసరికి సాయంత్రం ఆరు. సంక్రాంతి వెళ్లి వారమైంది. అప్పుడే పొద్దు గుంకుతోంది. మళ్లీ పాతిక గంటల దాకా సూర్యుణ్ణి చూడనని అప్పుడు తట్టలేదు.

గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆఫీసు క్యాబులు బారులు తీరి మాదాపూర్ వైపు పోతున్నాయి. మా అమ్మాయి ఐదేళ్లు డాలస్ వేళల్లో చేసే ఉద్యోగానికి అలాంటి క్యాబులోనే వెళ్లింది. డాలస్‌లో పొద్దున తొమ్మిదయితే ఇక్కడ చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర, ఎండాకాలంలో ఏడున్నర. తెల్లవారుజామున గేటు చప్పుడైతే లేచి అన్నం వేడిచేసి పెట్టేదాన్ని. వీసా రాకముందే ఆ పిల్ల డాలస్ గడియారంతో బతికింది. మా వంటిల్లూ అంతే.

ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని. టికెట్లు తీశాక పాత గ్లోబు దింపి, హైదరాబాద్ మీద నూలుదారం కొస పట్టి డాలస్ దాకా బిగించి చూశాను. దారం పడమటికి పోలేదు. దాదాపు నిటారుగా ఉత్తరానికి సాగి, ధ్రువం పక్కనుంచి అవతలికి దిగింది! మనది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, వాళ్లది 97 డిగ్రీల పశ్చిమం. రెండూ కలిపితే 175. ఇంకో ఐదు డిగ్రీలుంటే మన రేఖాంశానికి సరిగ్గా అటువైపు. ఆ దారం దారిన 14,400 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు కనుక దుబాయి మీదుగా పోవాలి. అక్కడికి 2,500, అక్కణ్ణుంచి 12,900. వెయ్యి కిలోమీటర్లు చుట్టు.

శంషాబాద్‌లో రాత్రి పదింటికి విమానం లేచింది. నాలుగు గంటల్లో దుబాయి. అక్కడ కాఫీ తాగి రెండో విమానం ఎక్కాను. ఇది పదహారు గంటల పైమాటే. పడమటి నుంచి వీచే గాలికి ఎదురు పోవాలి మరి. అదే గాలి తోడుండటంతో తిరుగు ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గుతుంది.

ముందున్న తెరమీద బుల్లి విమానం గ్రీన్‌లాండ్ అంచుకు చేరింది. కిటికీ మూత ఎత్తాను. చీకటి. రెక్క చివర దీపం ఒక్కటే మిణుకుమంటోంది. పక్క సీట్లో జనగామ నుంచి కొడుకు దగ్గరికి వెళ్తున్న పెద్దాయన వంగి చూశారు.

"ఇంక తెల్లారదా చెల్లె?"

"వస్తుందన్నా, మన వెనకాలే వస్తోంది. మనమే ఆగట్లేదు" అన్నాను. దుప్పటి అంచు చేత్తో లాగి, పొద్దు ఎటునుంచి వస్తుందో, మేము ఎటు పోతున్నామో చూపించాను. బడిలో ఇన్నేళ్లు చెప్పిన పాఠం నాకే కొత్తగా అనిపించింది. ఆయన చాలాసేపు ఆ చీకట్లోకే చూస్తూ కూర్చున్నారు.

దిగడానికి గంటన్నర ముందు ఎడమవైపు నారింజ రంగు గీత పొడిచింది. మార్చని నా చేతి గడియారంలో ఏడు, సాయంత్రం ఏడు. నిన్న ఇదే వేళకు ఔటర్ మీద ఉన్నాను.

అల్లుడు కారులో డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్ తీసుకెళ్లాడు. నెలలు నిండిన పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. బయట ఎండ, పగలు పదకొండు. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

"అక్కడ పదిన్నరైంది, ఇంకా తినలేదు కదమ్మా?" అంటూ అన్నం వేడిచేయడానికి వంటింట్లోకి నడిచింది.