ఏడిళ్ళు

పిల్లి తన కూనలను ఏడిళ్ళు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. పశువైద్యునిగా ముప్పది యేండ్లకు మించి పనిచేసిన పిమ్మట, కన్నులు తెరువని కూనలను ఎవరైనను నా యెదుట పెట్టినపుడు నేను మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఆ సామెతలోనే యున్నదని తెలిసికొంటిని: వీనికి నిజముగా తల్లి లేదా, లేక ఆ తల్లి ఒక యింటి నుండి మరియొక యింటికి పోవుచు నడిత్రోవలో నున్నదా?

ఒకనాటి మధ్యాహ్నము ఒక గృహిణి, గంపలో పాతచీర పరచి రెండు కూనలను తెచ్చి, "అటక మీద ఈనిందండీ, డాక్టరు గారూ! రెండింటిని నోట కరుచుకుపోయి వీటిని వదిలేసింది" అని కన్నీరు పెట్టుకొనెను. వాని పొట్టలు తడవి చూచితిని; గుండ్రముగా, వెచ్చగా నుండెను. ఆకలిగొన్న కూన ఎడతెగక అరచును, కడుపు నిండినది నిద్రించును. ఇవి గాఢముగా నిద్రించుచుండెను. తెచ్చిన చోటనే వానిని పెట్టి, దూరముగా నుండి చూడుమని చెప్పి పంపితిని. దీపాలవేళ తల్లి వచ్చి, ఒకదాని వెనుక నొకటిగా రెండింటిని పొరుగువారి గడ్డిపాకకు చేర్చినదట. ప్రతి వేసవిలోను ఇట్లు దయగలవారి తొందరపాటు వలన తల్లికి దూరమగు కూనలు ఎన్నియో నా బల్ల మీదికి వచ్చుచుండును గనుక ఈ సంగతి ముందుగా చెప్పవలసివచ్చినది.

తెంకలై శ్రీవైష్ణవులు శరణాగతికి మార్జాల కిశోర న్యాయమును దృష్టాంతముగా చెప్పుదురు. కోతిపిల్ల తానే తల్లి పొట్టను కరచుకొని వ్రేలాడును. పిల్లికూన ఏమియు చేయదు, తల్లి మెడవెనుక తోలు పట్టి యెత్తినంతనే కాళ్ళు ముడుచుకొని కదలక మెదలక యుండును. ఆ దృష్టాంతమును మొదట చెప్పిన మహానుభావుడు పిల్లిని చాలసేపు ఓపికగా చూచినవాడై యుండవలెనని నా నమ్మకము. పుట్టిన కూన నూరు గ్రాముల బరువుండును. దానికి చూపు లేదు, వినికిడి లేదు, చలికి వణకుట సైతము చేతకాదు. తల్లి నాలుకతో నాకనిదే మూత్రమునైనను విసర్జింపజాలదు. అట్టిదాని తల్లి లారీ క్రింద పడి మరణించినపుడు, ఆ తల్లి చేయు సమస్త కార్యములను ఒక మనుష్యుడు తన చేతులతో చేయవలసియుండును.

ఆ కార్యములలో ఏది ముందో, ఏది వెనుకో నేను ఒక ప్రాణమును పోగొట్టుకొని నేర్చితిని. ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో, ధనుర్మాసపు తెల్లవారుజామున, మంచులో తడిసిన గోనెసంచిలో చుట్టి ఒక కూనను తెచ్చిరి. అది నోరు తెరచి అరచుచుండగా, ఆకలియే దాని బాధయని తలచి, గోరువెచ్చని పాలు పట్టితిని. మధ్యాహ్నము కాకమునుపే అది చనిపోయెను. కోసి చూచినపుడు, నేను పట్టిన పాలు కడుపులో పట్టినవి పట్టినట్లే విరిగి నిలిచియుండెను. కూన ఒంటి వేడిమి ఫారన్‌హీట్ 94 డిగ్రీలకు దిగినచో ప్రేవుల కదలిక ఆగిపోవును. అప్పుడు లోనికి పోయిన పాలు జీర్ణము కాక పులియును. ముందు గుడ్డ చుట్టిన వేడినీటి సీసా ప్రక్కనో, మనిషి రొమ్ము మీదనో పెట్టి, గంటయో రెండు గంటలో మెల్లమెల్లగా వెచ్చబరచి, ఆ తరువాతనే పాలు పట్టవలెను. ఆ పాలైనను ఆవుపాలు కారాదు. తల్లిపిల్లి పాలలో నుండునన్ని మాంసకృత్తులలో సగమైనను వానిలో లేవు, పైగా విరేచనములగును.

తల్లి జున్నుపాలు త్రాగని కూనను జంతు శరణాలయములో నుంచుట అపాయకరము. పాన్‌ల్యుకోపీనియా అను పిల్లుల అంటువ్యాధి యొక్క క్రిమి నేలను, గిన్నెలను పట్టుకొని నెలల తరబడి బ్రదికియుండును. అందుచేతనే శరణాలయములవారు ఇట్టి కూనలను గృహస్థులకు అప్పగింతురు. అట్లు విశాఖపట్టణమున ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి, కాలువగట్టున దొరికిన నాలుగు కూనలను అప్పగించిరి.

ఆమె రెండేసి గంటలకు ఒకసారి, రాత్రియనక పగలనక, వానికి పాలు పట్టెను. పసిబిడ్డను వలె వెల్లకిల పరుండబెట్టినచో పాలు పొలమారి ఊపిరితిత్తులలోనికి పోవునని నేను చెప్పితిని గనుక, బోర్ల నిలిపి, తల కొంచెమెత్తి పట్టెను. పాలు త్రాగిన పిమ్మట తడిదూదితో తుడిచి మూత్రవిసర్జనము చేయించెను. వంటింటి త్రాసులో ప్రతి ఉదయము తూచి, బడిపిల్లల మార్కుల వలె నాలుగు వరుసలలో పుస్తకమున వ్రాయుచుండెను. రోజునకు పది గ్రాములైనను పెరుగవలెను. మూడు పెరుగుచుండెను. నాలుగవది మొదటి దినము 87, మూడవ దినము 90, ఐదవ దినము 86. ఆ రాత్రి పన్నెండు గంటలకు ఫోను వచ్చినది. నేను పోయి చక్కెరనీరు చిగుళ్ళకు రాచితిని. ఆమె దానిని గుండెలకు హత్తుకొని కూర్చుండెను. తెల్లవారకముందే పోయినది.

"నేనేం తప్పు చేశానండీ?" అని ఆమె అడిగెను. ఎంత జాగ్రత్తగా సాకినను, పైకి కారణమే కనబడక క్షీణించిపోవు కూనలు ఉండునని చెప్పితిని; అది సత్యమే గాని, ఆమె ముఖము చూడగా ఆ మాట చాలదనిపించినది. అంతవరకు ఎవరికిని చెప్పని గోనెసంచి కథ ఆమెకు చెప్పితిని. తప్పు చేసినవాడు ఎట్లుండునో చూపినగాని, ఆమె చేయలేదని ఆమెకు నమ్మకము కలుగదని తోచినది. ఆమె చాలసేపు మాటలాడలేదు. ఇంతలో గడియారము చూచి, మిగిలిన మూడింటికి పాలవేళ అయినదని లేచెను.

పదవ దినమున అవి కన్నులు తెరచినవి. ఎనిమిది వారములకు ఒక్కొక్కటి ముప్పాతిక కిలోకు మించి తూగి, పెంచుకొనువారు సిద్ధముగా నున్నందున, టీకాలకై నా యొద్దకు వచ్చినవి. ఆమె గంప మూత తెరచి, వ్రేళ్ళు మడచుచు లెక్కించెను: "కాలువగట్టు ఒకటి, శరణాలయం రెండు, మీ ఆస్పత్రి మూడు, మా ఇల్లు నాలుగు. రేపు పోయేది ఐదోదండీ, డాక్టరు గారూ!"