చాగ

నర్సరీల్లో స్నేక్ ప్లాంటంటే బల్లపరుపు ఆకు, పసుపు అంచు. బొబ్బిలిలో అమ్మమ్మ ఇల్లు అమ్మేసేటప్పుడు నేను పెకిలించి తెచ్చుకున్నది అలా లేదు. సన్నటాకు, దోనెలా లోతు, వీపున నిలువు గీతలు. విజయనగరం మిద్దెతోట మిత్రులు తలో పేరూ చెప్పారు. అమ్మనడిగితే, “ఏటో... దొడ్లో మొక్క అనీది మీ అమ్మమ్మ.”

చివరికి శ్రీకాకుళం పెద్దావిడ ఒకావిడ ఎండుటాకు చీల్చి నార లాగారు. “ఇది చాగ గదమ్మా! దీంతో తాళ్లు పేనీవోరు.”

వింటినారికి వాడిన నారట. పుస్తకాల్లో సాన్సెవీరియా రాక్స్‌బర్గియానా. 1780ల్లో మన సామర్లకోటలో మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ పేరది. 2018లో దాన్నీ డ్రసీనాలో కలిపేశారు.

నిన్న మూడు పిలకలు పంచాను. చీటీల మీద చాగ అనే రాశాను.