నీరటి అడిగిన ప్రశ్న

నా కార్డు మీద ‘ఫీల్డ్ కోఆర్డినేటర్’ అని ఉంటుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం నేను ‘తెల్లోళ్ల మేడం’ని. నిజానికి నా వ్యానులో దిగేవాళ్లలో తెల్లవాళ్లు తక్కువ. ఆఫ్రికా, ఆసియా దేశాల సర్కారు ఉద్యోగులే ఎక్కువ. 1964లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద శిక్షణకు వస్తారు. విమానం టికెట్టు, బస, ఫీజు అన్నీ మనవే. 160కి పైగా దేశాలకు ఈ అవకాశం ఉంది. ఇందులో దౌత్యం లెక్కలూ ఉంటాయి, వట్టి దయేమీ కాదు. తరగతి గదుల్లో వాళ్లు విన్నదాన్ని ఊళ్లో చూపించడం, వాళ్ల మాట వీళ్లకు, వీళ్ల మాట వాళ్లకు అందించడం నా పని. దుబాసీ పని.

మొదట్లో ఆ పని సరిగ్గా రాలేదు. “క్లైమేట్ చేంజ్‌ను ఎలా ఎదుర్కొంటున్నారు?” అని ఒకాయన అడిగితే, “వాతావరణ మార్పును ఎట్లా ఎదుర్కొంటున్నరు?” అని ముక్కకు ముక్క అప్పజెప్పాను. చెరువు కట్ట మీద కూర్చున్న, నీళ్లు పంచే నీరటి నన్ను ఎగాదిగా చూశాడు. “గది టీవీల జెప్తరు గద బిడ్డా, నన్నడుగుతవేంది?” అన్నాడు. వ్యానులో అందరి పుస్తకాల్లోనూ ‘రైతుల్లో అవగాహన లేదు’ అని పడింది. ఆ మాట రాయించింది నేనే.

తర్వాతి బ్యాచికి ప్రశ్న మార్చాను. “తాతా, మత్తడి దుంకక ఎన్నేండ్లయింది?” అంతే, గంటసేపు చెప్పాడు. ఏ కార్తెలో వాన తప్పిందో, ఎగువ చెరువు నుంచి వచ్చే కాలువకు అడ్డంగా ఎవరు ప్రహరీ లేపారో, గొలుసుకట్టులో ఒక్క చెరువు తెగితే కింది చెరువుల గతేమవుతుందో! అనువదించలేక నా గొంతు ఎండిపోయింది.

2019లో సూడాన్ నుంచి ఒక నీటిపారుదల అధికారి వచ్చాడు. తూము తెరిచి, వంతులవారీగా పొలాలకు నీళ్లు వదిలేది నీరటేనని, పాత రోజుల్లో దానికి కూలీ ధాన్యంగా ముట్టేదని చెప్తుంటే ఆయన రాయడం ఆపేసి విన్నాడు. అప్పుడు నీరటి అడిగాడు: “మీ ఊర్ల చెరువుకు నీరటి ఎవరు?”

సూడానాయన కట్ట మీద పుల్లతో గీశాడు. వాళ్లకు ఇట్లాంటి కట్టలు తక్కువ, నేలను తవ్వి వాననీరు నింపుకుంటారు. దాన్ని హఫీర్ అంటారు. పశువులకూ మనుషులకూ తాగునీరు అదే. రెండింటికీ జబ్బు ఒకటే, పూడిక. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారని చెప్పాను. ఆయన నీరటినే అడిగాడు: “ఆ మట్టి ఇసుక కలిసిందా, జిగటగా ఉందా?” ఇద్దరూ మట్టిని పిసుకుతూ కూర్చున్నారు. నా అవసరం దాదాపు లేకపోయింది. షెడ్యూలులో ఆ ఊరికి నలభై నిమిషాలే. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఒకావిడ ఇంట జొన్నరొట్టె. ఆయన తుంచి నోట్లో పెట్టుకుని నవ్వాడు. జొన్న పుట్టిందే తమవైపంట. నిజమే, జొన్నను మనిషి తొలిసారి సాగుకు తెచ్చింది సూడాన్ ప్రాంతంలోనే. వాళ్లు పిండి పులియబెట్టి దోసెలా పల్చగా పోస్తారు, కిస్రా అంటారు. “పులిస్తే గట్కల మజ్జిగ కలిపినట్లుంటదేమో” అని ఆవిడ వెంటనే తేల్చేసింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఎన్నో సెమినార్లకు వెళ్లాను గాని, ఆ వంటింటి ముచ్చటకు సాటి వచ్చింది నాకు దొరకలేదు.

నేను దాచిన మాట కూడా ఒకటుంది. ఈ దారి పొడుగునా ఒకప్పుడు ద్రాక్ష తోటలు. బోర్లు అడుగంటాయి, భూముల ధరలు పెరిగాయి, పందిళ్లు పోయి వెంచర్ల బోర్డులు లేచాయి. “అమ్మిన పైసలు అయిపోయినయి, కొడుకు అదే జాగల వాచ్‌మెన్ అయిండు” అంది ఒక అవ్వ. నేను ఇంగ్లీషులో “వాళ్ల అబ్బాయికి ఇక్కడే ఉద్యోగం దొరికింది” అన్నాను. అతిథుల ముందు మన గుట్టు ఎందుకనుకున్నాను. అవ్వకు ఇంగ్లీషు రాదు, కానీ వాళ్లు చప్పట్లు కొడితే ఆమె ముఖం మాడింది.

సూడానాయన కొన్నాళ్లు ఫోటోలు పంపాడు. ఒక ఫోటోలో హఫీర్ ఒడ్డున పూడిక కుప్ప. మట్టిని పొలాలకు తోలే ఆలోచన తన పై అధికారికి నచ్చలేదని, అయినా ఒక ఊరిని ఒప్పించానని రాశాడు. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలైంది. ఆ తర్వాత నేను పంపిన మెసేజీలకు ఒకే టిక్కు పడుతోంది.

నీరటికి ఇప్పుడు చూపు ఆనదు. వ్యాను చప్పుడు వింటే మాత్రం కట్ట దిగి వస్తాడు. కొత్త బ్యాచిని పరిచయం చేసేలోపే అడుగుతాడు: “గా నల్ల సారు, మట్టి తీసిండా బిడ్డా?”

“తీస్తున్నరట తాతా” అంటాను.