ఈసారి వచ్చిన పాటలు

నాన్నగారి బదిలీతో మేము నందినికి వచ్చాము. ఇక్కడి గనుల సున్నపురాయి భిలాయి ఉక్కు కర్మాగారానికి వెళుతుంది. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము నుండి మలినాలను చిట్టెంగా వేరుచేస్తుంది.

బడిలో మాకు హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాత్రమే. గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వారు ఎన్నో ఏళ్ళుగా కొత్త సంవత్సరానికి కొత్త పాటలు తెస్తున్నారు. చిన్నప్పుడు వాటికి గంతులు వేసేవాళ్ళం. ఈసారివి నెమ్మదిగా అనిపించి, "చప్పగా ఉన్నాయమ్మా" అన్నాము.

అమ్మ కోప్పడలేదు. "మాటలు రాయండి, చూద్దాం" అంది. వింటూ రాశాము. తప్పులు దిద్దుకుంటూ మళ్ళీ విన్నాము. మూడోసారికి అర్థం తెలిసి, మేమే నెమ్మదిగా పాడసాగాము.

ఇప్పుడు మళ్ళీ బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాన్లన్నీ లారీలో వెళ్తాయి. ఆ నోటుపుస్తకం మాత్రం మా బడిసంచిలోనే వస్తుంది.