కమ్మచ్చు నేర్పే పాఠం

పిల్లలూ! కరీంనగరంలో ఇప్పుడు పూల్ ఆడే బల్లలు వచ్చాయి. బట్ట పరచిన పెద్ద బల్ల, దాని అంచుల్లో 6 పాకెట్లు, అంకెలు వేసిన 15 బంతులు, ఒక తెల్లబంతి. పొడుగాటి కర్రతో తెల్లబంతిని కొట్టాలి. అది వెళ్ళి రంగుబంతిని కొట్టాలి. రంగుబంతి పాకెట్లో పడాలి. చూడటానికి ఇంతే!

కాని కొత్తగా కర్ర పట్టినవాడు ఏం చేస్తాడు? ఆ చివర ఉన్న బంతిని ఒక్క దెబ్బతో పడగొట్టాలని బలమంతా పెట్టి కొడతాడు. బంతులు చెల్లాచెదరవుతాయి, ఒక్కటీ పడదు. నాలుగు రోజులు ఇలా చూసి, "ఈ విద్య పుట్టుకతో రావాలి. నాకు రాదు" అని కర్ర గోడకు ఆనిస్తాడు. "నాకు రాదు" అనే ఈ మాట లెక్కల తరగతిలోనూ, చేతిరాత తరగతిలోనూ నేను ఏటా విన్నదే. ఇది నిజమేనా? జవాబు కోసం అదే ఊళ్ళో ఉన్న వెండిపనివారి దగ్గరికి వెళదాం, రండి.

కరీంనగరం వెండితీగ పనికి పేరుపొందింది. వెంట్రుకలాంటి తీగలను పువ్వులుగా, ఆకులుగా వంచి, అతికి, పాందాన్లు, అత్తరుదానీలు, పళ్ళేలు చేస్తారు. అంత సన్నని తీగ ఎలా వస్తుందో తెలుసా? పనివారి దగ్గర కమ్మచ్చు అనే ఉక్కుపలక ఉంటుంది. దానికి వరసగా బెజ్జాలు ఉంటాయి. ఒక్కొక్కటీ ముందుదానికంటె కాస్త చిన్నది. తీగను పెద్ద బెజ్జంలోనుంచి లాగి, తరవాత దాని పక్క బెజ్జంలోనుంచి లాగుతారు. తొందరపడి నాలుగు బెజ్జాలు దాటించబోతే తీగ పుటుక్కున తెగుతుంది. లాగగా లాగగా వెండి గట్టిపడుతుంది కూడా. అప్పుడు దాన్ని కాల్చి, మెత్తబరచి, మళ్ళీ లాగుతారు.

ఇక నిర్మల్‌కు వెళదాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోయి, సోన్ దగ్గర గోదావరి దాటాలి. నిర్మల్ 2016 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఇప్పుడు అదే ఒక జిల్లా. అక్కడి కొయ్యబొమ్మలు మీరు చూసే ఉంటారు. తేలికైన పొనికి కర్రతో కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కుతారు. తరవాత అతికి, చింతగింజల జిగురు కలిపిన పొట్టుతో అతుకులు పూడ్చి, రంగులు వేస్తారు. ప్రతి ముక్కా కుదిరితేనే బొమ్మ కుదురుతుంది.

ఈ రెండు ఊళ్ళ పాఠాలతో మళ్ళీ బల్ల దగ్గరికి వద్దాం. పనిని ముక్కలు చెయ్యాలి. ఒక్కొక్క బెజ్జమే దాటాలి.

మొదటి బెజ్జం: బంతి లేకుండా కర్రను ముందుకూ వెనక్కూ తిన్నగా ఆడించడం.

రెండవది: తెల్లబంతిని ఎదుటి గట్టుకు తిన్నగా కొట్టడం. అది తిరిగివచ్చి కర్రకొనను తాకితే దెబ్బ సరిగా పడ్డట్టు.

మూడవది: రంగుబంతిని పాకెట్‌కు జానెడు దూరంలో పెట్టాలి. తెల్లబంతిని దానికి మూరెడు వెనక, ఒకే వరుసలో ఉంచాలి. 10 సార్లు కొట్టాలి. 8 పడితే రంగుబంతిని ఇంకో జానెడు వెనక్కి జరపండి. 5 కూడా పడకపోతే దగ్గరికి తెచ్చుకోండి. అది ఓటమి కాదు, బెజ్జం మార్చుకోవడం.

నాలుగవది: బంతులను వరుస తప్పించి, వాలుగా కొట్టడం.

అయిదవది: తెల్లబంతి ఎక్కడ ఆగాలో ముందే చెప్పి కొట్టడం.

చెయ్యి అలిసిందా? కాసేపు ఆగండి. వెండికి నిప్పు ఎంత అవసరమో చేతికి విశ్రాంతి అంత అవసరం.

తెల్లబంతిని ఆపడం మంత్రం కాదు. ఒకే బరువున్న రెండింటిలో ఒకటి జారుతూ వచ్చి రెండవదాన్ని సూటిగా కొడితే, తన వేగమంతా దానికిచ్చి తాను ఆగిపోతుంది. ఇంట్లో క్యారమ్ బల్ల ఉంటే రెండు కాయలతో చూడండి. కొట్టిన కాయ దాదాపు అక్కడే నిలిచిపోతుంది. పూల్ బల్ల లేనివారు ఈ సాధనంతా క్యారమ్ మీదనో, గోటీలతోనో చెయ్యవచ్చు.

ఈ ఆటలు మనకు పరాయివి కావు. పూల్‌కు దగ్గరిచుట్టమైన స్నూకర్ 1875లో మన జబల్పూరులోనే, సైనికాధికారుల మధ్య పుట్టింది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యారు.

ఇవాళే ఒక నోటుబుక్కు తీసి, "10కి ఎన్ని?" అని పైన రాయండి. రోజూ తేదీ వేసి అంకె రాయండి. పక్కవాడి అంకె చూడవద్దు. మీ నిన్నటి అంకె చూసుకోండి. "నాకు రాదు" అనబోయినప్పుడు, "నేను ఏ బెజ్జం దగ్గర ఉన్నాను?" అని అడగండి. తీగ దానంతట అదే సన్నబడుతుంది.